కరీంనగర్ కీరవాణి.. ఆదిలాబాద్ ఎనభై!

ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక మా గుంపులో ఫోన్లన్నీ ఒక్కసారిగా మూగబోయాయంటే, ఎవరో ‘ఠ’ దగ్గర ఇరుక్కున్నారని లెక్క.

ఆట మామూలుదే. అకారం నుంచి మొదలుపెట్టి వరసగా ఒక్కో అక్షరానికి ఒక రాగం పేరు చెప్పాలి. ఒకరన్నది ఇంకొకరు అనకూడదు. ఇరవై అంకెలు లెక్కపెట్టేలోగా నోరు పెగలకపోతే ఆ వారానికి బయటికి. ఆడేది ఆరుగురం. కరీంనగర్‌లో నేను, జగిత్యాలలో రిటైరైన తెలుగు పంతులు సారు, మంచిర్యాలలో సింగరేణి ఉద్యోగి, నిర్మల్‌లో వీణ నేర్పే మేడమ్, ఆదిలాబాద్‌లో హిందుస్తానీ అంటే ప్రాణం పెట్టే అన్న, బతుకుదెరువుకు దుబాయ్ వెళ్ళిన సిరిసిల్ల తమ్ముడు. అందరం ఎదురెదురుగా కూర్చున్నది ఒక్కసారే, అదీ వేములవాడలో. మిగతాదంతా ఫోన్లలోనే.

అ, ఆలకు కరువు లేదు. ఆరభి, అఠాణా, ఆనందభైరవి, అమృతవర్షిణి అంటూ ఎంతసేపైనా సాగుతుంది. ‘ఋ’ వంతు వచ్చినవాడు ఋషభప్రియ అని గట్టెక్కుతాడు. ‘ఝ’కు ఝంకారధ్వని, ఝాలవరాళి రెండున్నాయి. ‘ఫ’ అనగానే పంతులు సారు ఫేనద్యుతి అంటారు. దీక్షితుల సంప్రదాయంలో రెండో మేళం పేరది. ‘ఎ’ దగ్గర మాత్రం ఒక రాత్రి పెద్ద పంచాయితీ అయింది. ఎరుకలకాంభోజి అని ‘ఎ’ కింద వేసుకోవాలా, యదుకులకాంభోజి అని ‘య’ దాకా ఆగాలా? దుబాయ్ తమ్ముడికి పొద్దున్నే డ్యూటీ ఉండటంతో అది ఇప్పటికీ తెగలేదు.

ఇక ‘ఠ’. దానితో మొదలయ్యే రాగం మాలో ఎవరికీ తోచలేదు. మంచిర్యాల ఆయన విసిగిపోయి, “మధ్యల ఉన్నా చెల్లుతదా సారూ? నఠభైరవిల ఉన్నది కదా” అన్నాడు. మామూలుగా అందరం ‘నటభైరవి’ అనే రాసేస్తాం. పంతులు సారు గొంతు సవరించుకున్నారు. “ఆ ఒత్తు లేకుంటే ఇరవయ్యో మేళం పోయి పదో మేళంల పడ్తది. అది నాటకప్రియది” అన్నారు. ఆ రాత్రి అక్షరాల ఆట కాస్తా అంకెల ఆటగా మారింది.

సంగతి ఇది. కర్ణాటక సంగీతంలో మేళకర్త రాగాలు 72. రిషభ గాంధారాల జంటలు ఆరు, ధైవత నిషాదాల జంటలు ఆరు, మధ్యమాలు రెండు. ఆరు ఆర్లు ముప్పై ఆరు, దానికి రెండింతలు. ఇంకొక్కటి చేర్చాలన్నా చోటు ఉండదు. 17వ శతాబ్దంలో వేంకటమఖి ‘చతుర్దండిప్రకాశిక’లో వేసిన లెక్క ఇది. ఒక రాగం ఎన్నో మేళమో తెలియాలంటే పట్టిక వెతుక్కునే పని లేకుండా, అంకెను పేరులోనే దాచిపెట్టారు పెద్దలు. క నుంచి ఝ దాకా 1 నుంచి 9. ట నుంచి ధ దాకా మళ్ళీ 1 నుంచి 9. ప నుంచి మ దాకా 1 నుంచి 5. య నుంచి హ దాకా 1 నుంచి 8. ఞ, న సున్నాలు. పదం మొదట్లో అచ్చు వస్తే అదీ సున్నాయే. పేరులో మొదటి రెండు అక్షరాలకు అంకెలు వేసి, తిప్పి చదవాలి. మాయామాళవగౌళలో ‘మ’ 5, ‘య’ 1. తిప్పితే 15. ధీరశంకరాభరణంలో ‘ధ’ 9, ‘ర’ 2. తిప్పితే 29. దీన్నే కటపయాది అంటారు. శంకరాభరణానికి ముందు ‘ధీర’, తోడికి ముందు ‘హనుమ’, కల్యాణికి ముందు ‘మేచ’ ఎందుకు తగిలించారో ఇప్పుడు అర్థమవుతుంది. వీరత్వం కోసం కాదు, అంకె కోసం.

నాకు కొంటె బుద్ధి పుట్టింది. రాగాల పేర్లకే ఎందుకు, ఊళ్ళ పేర్లకు కట్టి చూద్దామన్నాను.

మొదట నా ఊరే. కరీంనగర్. ‘క’ ఒకటి, ‘ర’ రెండు. తిప్పితే 21. ఇరవై ఒకటో మేళం ఏది? కీరవాణి! కరీం, కీర రెండింటిలోనూ అవే హల్లులు. సయ్యద్ కరీముల్లా షా ఖాద్రీ పేరు మీద వెలిసిన ఊరికి, చిలుక పలుకనే అర్థమున్న రాగానికి చుట్టరికం కుదిరిందని అరగంట నవ్వుకున్నాం. అంతకు ముందు జిల్లా కేంద్రం ఎలగందల కదా, దాని సంగతేమిటని మేడమ్ అడిగారు. ‘ఎ’ సున్నా, ‘ల’ మూడు. తిప్పితే 30, నాగానందిని. కచేరీలో పాడితే పేరు పోల్చుకోవడానికి పక్కవాడి మొహం చూడాల్సిన రాగం. నిజాం కాలంలో కచేరీలు ఎలగందల వదిలి కరీంనగర్‌కు రావడం రాగం విషయంలోనైనా మంచికే అయింది. (ఈ కచేరీలు పాటవి కావు, ఫైళ్ళవి.)

ఇక ఆపేదెవరు? జగిత్యాల 38, జలార్ణవం. రామగుండం 52, రామప్రియ. థర్మల్ కేంద్రం పొగ గొట్టాల కింద రామప్రియ ఏమిటని మాలో మేమే అనుకున్నాం గానీ, అంకె అబద్ధం చెప్పదు. మెట్‌పల్లి 15, మాయామాళవగౌళ. సరళీ స్వరాలు నేర్చుకునే పిల్లలందరికీ మొదటి రాగం. “మా మెట్‌పల్లి దాటకుండ ఎవ్వరు విద్వాంసులు కారు” అని పంతులు సారు ప్రకటించారు. వాళ్ళ అత్తగారిది ఆ ఊరే. మంచిర్యాల 65, అంటే మేచకల్యాణి. బొగ్గు ఊరికి కల్యాణి తగలడంతో సింగరేణి ఆయన ఆ వారమంతా కాలర్ ఎగరేశాడు.

సిరిసిల్ల 27, సరసాంగి. దుబాయ్ నుంచి తమ్ముడు ఏమీ అనలేదు కాసేపు. తర్వాత, “అన్నా, మా ఇంట్ల ఎనిమిది సాంచాలుండె. రాత్రి కరెంటు పోతే సప్పుడు ఆగి మాకు మెలకువ వచ్చేది” అన్నాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. నాడె అటు కొట్టిన దెబ్బ, ఇటు కొట్టిన దెబ్బ. ఒకే గదిలో ఎనిమిది మగ్గాలు ఒక్కొక్కటి వెంట్రుకవాసి తేడాతో నడుస్తుంటే కాసేపటికి ఎనిమిదీ ఒక్కచోట కలుస్తాయి, మళ్ళీ విడిపోతాయి. ఆ కలిసే చోటు కోసం చిన్నప్పుడు చెవి పెట్టుకుని పడుకునేవాణ్నని చెప్పాడు. తాళం ఎక్కడ నేర్చుకున్నావని ఇంకెవరూ అతన్ని అడగలేదు.

సంయుక్తాక్షరం వస్తే తకరారే. ధర్మవతి 59వ మేళం, అక్కడ ‘ర్మ’లో ‘మ’ను తీసుకున్నారు. చక్రవాకం 16, అక్కడ ‘క్ర’లో ‘క’ను తీసుకున్నారు. పెద్దల ఇష్టం. ధర్మపురికి దీంతో పేచీ లేదు, ధర్మవతితో పాటే 59. నిర్మల్ దగ్గరే కొట్లాట. ‘మ’ను తీసుకుంటే 50, నామనారాయణి. ‘ర’ను తీసుకుంటే 20, మన నఠభైరవి. “నామనారాయణి నా శిష్యుల్లో ఒక్కరూ వాయించరు, నాకొద్దు” అని మేడమ్. “ధర్మపురికి ఒక న్యాయం, నిర్మల్‌కు ఒక న్యాయమా?” అని సారు. పొణికి చెక్కతో బొమ్మలు చేసే ఊరిని రెండు రాగాల మధ్య నిలబెట్టి ఆ రాత్రి పడుకున్నాం.

వేములవాడ 54, విశ్వంభరి. ఈ అంకె తేలినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. వేములవాడ పక్కనే హనుమాజీపేట. 1931లో ఆ ఊళ్ళో పుట్టిన సింగిరెడ్డి నారాయణరెడ్డి, మన సినారె, 1980లో వెలువరించిన కావ్యం పేరు ‘విశ్వంభర’. 1988కి జ్ఞానపీఠం తెచ్చింది అదే. ఆయన కటపయాది చూసుకుని పేరు పెట్టారని ఎవరూ అనరు. కాకతాళీయమే. కానీ కాకతాళీయాలకు కూడా ఒక్కోసారి చెవి ఉంటుందేమో.

వేములవాడ రాజన్న సన్నిధిలో ఏటా త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతాయి. మేం ఆరుగురం కలిసింది అక్కడే. తమ్ముడు సెలవు మీద వచ్చాడు. మద్రాసు సభల్లో కచేరీలు వినివచ్చిన వాళ్ళకు ఇక్కడి వాతావరణం కొత్తగా ఉంటుంది. ఒక పక్క తంబూరా శ్రుతి, ఇంకో పక్క కోడె మొక్కుకు వచ్చిన ఎడ్ల మెడ గంటలు. తలనీలాలిచ్చి గుండుకు గంధం పూసుకున్న పిల్లలు పందిట్లో పరుగులు పెడుతుంటారు. మా పక్కన కోడె పలుపు చేతికి చుట్టుకుని ఒక రైతు నిలబడ్డాడు. పాట అయిపోయేదాకా కదలకుండా విని, “ఇది ఎవరి మీది పాట సారూ?” అని అడిగాడు. రాముని మీద అన్నాను. “మరి శివుని గుళ్ళె పాడుతున్నరేంది?” అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోగా పక్కనున్న అతని భార్య అందుకుంది. “రాజన్న గుళ్ళె రాముడున్నడు, దర్గ సుత ఉన్నది. పాట ఉంటె నీకేమొచ్చె?” అంది. ఆ పూటకు అంతకన్నా మంచి విమర్శ మాలో ఎవరూ చెయ్యలేదు.

ఈ ఊరికి అక్షరం కొత్త కాదు. వేములవాడ చాళుక్యుల కొలువులో పంపకవి కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ రాసింది 941లో. ఆయన తమ్ముడు జినవల్లభుడు గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద శాసనం చెక్కించాడు, 945 ప్రాంతంలో. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషలూ ఒకే బండ మీద. అందులోని తెలుగు భాగం కంద పద్యాల్లో ఉంది. నన్నయ కంటే ముందే కందం ఇక్కడ రాతికెక్కిందన్నమాట. వేములవాడ నుంచి తిరిగొస్తూ ఆ గుట్ట కిందికి వెళ్ళాం. మోకాళ్ళ నొప్పి వల్ల పంతులు సారు పైకి ఎక్కలేదు. కింద రాయి మీద కూర్చుని లెక్క కట్టారు. కురిక్యాల: ‘క’ ఒకటి, ‘ర’ రెండు. మళ్ళీ 21, మళ్ళీ కీరవాణి. “కందానికి ప్రాస రెండో అక్షరం మీద. కటపయాదికి పదుల స్థానం రెండో అక్షరం మీద. మనోళ్ళకు మొదటి అక్షరం కంటె రెండో దాని మీదనే నమ్మకం” అన్నారు.

ఇంతదాకా బాగానే ఉంది. అన్ని ఊళ్ళకూ రాగాలు దొరుకుతుంటే ఆదిలాబాద్ అన్న మాత్రం చప్పుడు చెయ్యట్లేదు. ఆయన లెక్క ముందే కట్టి పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది. ఆదిలాబాద్: ‘ఆ’ సున్నా, ‘ద’ ఎనిమిది. తిప్పితే 80. పట్టిక 72తో ఖతం.

పాత పేరైనా ఆదుకుంటుందేమోనని చూశాం. ఎదులాపురం: ‘ఎ’ సున్నా, ‘ద’ ఎనిమిది. మళ్ళీ ఎనభయ్యే! పేరు మార్చినా అంకె మారలేదు.

“తిప్పకుంటే ఎనిమిది అయితది. ఎనిమిది తోడి. మా ఊరికి తిప్పుడు మాఫీ చెయ్యుండ్రి” అని అన్న బతిమాలాడు. అంకెలు ఎడమ వైపుకే నడవాలని సారు పట్టుబట్టారు. పైగా జన్నారం అడ్డం వచ్చింది. ‘జ’ ఎనిమిది, ‘న’ సున్నా. తిప్పితే సరిగ్గా 8, హనుమతోడి. ఉత్తరాది రాగమాల చిత్రాల్లో తోడి అంటే వీణ పట్టుకున్న స్త్రీ, చుట్టూ జింకలు. జన్నారం అంటే కవ్వాల్ పులుల అభయారణ్యం, రోడ్డు మీదికే దుప్పులు వచ్చే చోటు. ఆ చిత్రాల తోడి వేరు, మన హనుమతోడి వేరని తెలిసీ ఆ పోలికను వదులుకోబుద్ధి కాలేదు.

అన్న కాసేపు అలిగాడు. తర్వాత ఒక మాటన్నాడు. “మీ తోడి మాకు తోడి కాదు. ఆ స్వరాలనే మేం భైరవి అంటం. మా దిక్కు కచేరీ ముగిసేది దానితోనే.” అప్పుడు తట్టింది నాకు, ఆదిలాబాద్ పట్టికలో లేకపోవడం తప్పు కాదని. ఆ జిల్లా చెవి ముందునుంచీ ఉత్తరానికే తిరిగి ఉంది. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. భాత్‌ఖండే లెక్కలో థాట్లు పదే, డెబ్బై రెండు కాదు. అక్కడ పేరులో అంకెలు దాచే పద్ధతి లేదు.

ఆ చెవికి తెలుగు మాట ఇచ్చినవారు సామల సదాశివ. 1928లో దహెగాం ప్రాంతంలో పుట్టి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఆదిలాబాద్‌లో స్థిరపడి, 2012లో అక్కడే కన్నుమూశారు. ఉర్దూ, పారశీ, మరాఠీ తెలిసిన మనిషి. అమ్జద్ రుబాయీలను తెలుగు చేశారు. హిందుస్తానీ గాయకుల గురించి, ఘరానాల గురించి ‘మలయమారుతాలు’, ‘సంగీత శిఖరాలు’, ‘స్వరలయలు’ రాశారు. ‘స్వరలయలు’కు 2011 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సంగీత గ్రంథాలు చాలావరకు పాఠంలా చదివిస్తాయి. సదాశివ మాత్రం అరుగు మీద కూర్చుని కబురు చెప్పినట్టు రాస్తారు. ఒక ఉస్తాదు పేరు ఎత్తితే, ఆయన గురువు, గురువు కోపం, ఆ కోపం వెనక ప్రేమ, అన్నీ చెప్పాకే రాగం దగ్గరికి వస్తారు. స్వరజ్ఞానం లేని తెలుగువాళ్ళకు హిందుస్తానీ పట్ల ఆకలి పుట్టించిన రచయిత ఆయన తప్ప నాకు మరొకరు కనబడరు. మా ఆటలో ‘మ’ వస్తే ఆదిలాబాద్ అన్న ఎన్ని రాగాలున్నా ‘మలయమారుతం’ అనే అంటాడు. అది రాగం పేరు కదా, తప్పు పట్టలేం. ఎవరి కోసం అంటున్నాడో అందరికీ తెలుసు.

ఇంకో సంగతి. కీరవాణి దక్షిణాది నుంచి ఉత్తరాదికి వెళ్ళి, అదే పేరుతో సితార్ మీద, సరోద్ మీద స్థిరపడ్డ రాగం. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ పోయే బస్సులో ఆ రాగం కూడా ఎక్కిందనుకుంటాను.

పట్టికలో పట్టని ఊళ్ళు ఇంకా తేలాయి. పెద్దపల్లి 81. భైంసా 74. మంథని 75, వేదపండితుల ఊరని గౌరవం ఇచ్చినా లాభం లేకపోయింది. అన్నిటికంటే ఆశ్చర్యం బాసర. ‘బ’ మూడు, ‘స’ ఏడు. తిప్పితే 73. గోదావరి ఒడ్డున సరస్వతి కొలువైన చోటు, ఎక్కడెక్కడి నుంచో వచ్చి పిల్లల వేలు పట్టి పలక మీద మొదటి అక్షరం దిద్దించే చోటు, సరిగ్గా ఒక్క అంకెతో బయట! వీణ మేడమ్ మొహం చిన్నబోయింది. పంతులు సారే ఓదార్చారు. “లెక్క పెట్టేది మనం. అమ్మవారు లెక్కల ఉంటదా?”

గుంజాల 83. నార్నూర్ మండలంలోని ఈ గోండు గూడెంలో 2006లో చేతిరాత ప్రతులు వెలుగులోకి వచ్చాయి. 1750 ప్రాంతానివని అంచనా. గోండి భాషకు ఇంత పాత సొంత లిపి ఉందని బయటి ప్రపంచానికి అప్పుడు తెలిసింది. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఆ లిపిలో హల్లుల వరస ‘క’తో మొదలవదు. ముందు య, తర్వాత వ, బ, భ, మ. ‘క’ ఆ తర్వాతే. మన ఆటంతా అక్షరాల వరస మీదే కదా. ఆ వరసే ఇంకోలా ఉండే ఊరు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉందని తెలిసి నాకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

ఆ నేల మీద సంగీతం ప్రధాన్లది. రాజ్‌గోండుల వంశ కథలను వాళ్ళు తరతరాలుగా పాడుతున్నారు. వాళ్ళ వాయిద్యం కికిరి. మూడు తీగలు, ఒక కమాను. ఒళ్ళో నిలబెట్టుకుని వాయిస్తారు. నాగోబా జాతర జరిగే కేస్లాపూర్‌లో ఒకసారి దగ్గర కూర్చుని చూశాను. గొంతు ముందు పోదు, తీగ వెనక ఉండదు. కథలో మాట మెలిక తిరిగిన చోట కమానూ అదే మెలిక తిరుగుతుంది. గాయకుడు ఊపిరి తీసుకునేటప్పుడు కికిరి ఆ వాక్యాన్ని పూర్తి చేస్తుంది. ఎక్కడా రాసి లేదు, మేళం అంకె లేదు, అయినా ఒక్క స్వరం పక్కకు పోదు. పట్టిక గొప్పదే, కాదనను. కానీ ఆ పట్టికే సంగీతం అనుకునేవాళ్ళు ఒక్క రాత్రి అక్కడ కూర్చోవాలి.

వచ్చాక ఆటలో ‘క’ నా వంతు వచ్చినప్పుడు కికిరి అన్నాను. రాగం కాదని మంచిర్యాల ఆయన అభ్యంతరం చెప్పాడు. ఓట్లు పెట్టాం. నాలుగు, రెండు. అప్పటినుంచి మా ఆటలో రాగమే కాదు, వాయిద్యం, పాట, పాడే మనిషి, ఏదైనా చెల్లుతుంది. ‘స’కు సాంచ చెల్లుతుందా అని దుబాయ్ తమ్ముడు అడిగాడు. అది ఇంకా విచారణలో ఉంది.

కేస్లాపూర్ అంకె మీదా తగవే. ‘స్ల’లో ‘ల’ను తీసుకుంటే 31, యాగప్రియ. ‘స’ను తీసుకుంటే 71, కోసలం. ఆ ఊరికి రెండూ నప్పుతాయి.

త్యాగరాజ ఆరాధన తిథి పుష్య బహుళ పంచమి. అక్కడికి పదో రోజు పుష్య అమావాస్య, కేస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలయ్యేది ఆ రాత్రే. ఇంకో అయిదు రోజులకు మాఘ శుద్ధ పంచమి, బాసరలో వసంత పంచమి. మూడింటికీ కలిపి ఒక్క పక్షం. ఈసారి సంక్రాంతి వెళ్ళగానే సంచి అటక మీద పెట్టేయకండి. దారిలో మీ ఊరి పేరుకూ అంకె కట్టి చూడండి. 72 దాటిందంటే దిగులుపడొద్దు, ఆదిలాబాద్ అన్న పక్కన చాలా చోటుంది.